చిన్నమామ పెట్టిన షరతు

నా చిన్నప్పుడు మేము ఆడిన ఆటల్లో రాళ్ళ యుద్ధమంత ఇష్టమైన ఆట ఇంకొకటి లేదు. ఆడపిల్లలు, మగపిల్లలు అన్న తేడా ఉండేది కాదు. చిక్కడపల్లిలో కిరాయి ఇళ్ళ పిల్లలం ఒక జట్టు. అశోక్‌నగర్ నాలా ఒడ్డున గుడిసెలు వేసుకున్న కూలివాళ్ళ పిల్లలు ఇంకో జట్టు. వాళ్ళ అమ్మానాయనలు పాలమూరు నుంచి వలస వచ్చి, అప్పుడే లేస్తున్న బిల్డింగులకు ఇటుకలు మోసేవాళ్ళు. రెండు జట్ల మధ్య ఒక ఖాళీ జాగా ఉండేది. మేము ఎప్పుడూ మన ఫౌజు, వాళ్ళు ఎప్పుడూ దుష్మన్లు. ఎవరు ఏ జట్టని ఎన్నడూ చీటీలు వేసుకోలేదు. మా కాళ్ళకు చెప్పులున్నాయి కాబట్టి మేమే మన ఫౌజు. అంతే.

అందరం బాగా దెబ్బలు తిన్నాం. నా గడ్డం కింద ఇప్పటికీ ఒక గీత ఉంది. మా పక్కింటి అక్కకు ముందు పన్ను సగం విరిగింది. ఎవరైనా కింద పడితే చప్పట్లు కొట్టి ఎగిరేవాళ్ళం. పడ్డవాళ్ళు లేచి ఏడుస్తూ ఇంటికి పోవాలి, ఇంట్లో మళ్ళీ తన్నులు తినాలి. అదే ఆట.

ఆ ఆటలోకి ఒకరోజు మా చిన్నమామ వచ్చాడు. మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. వాళ్ళది పాలమూరు వైపు పల్లె. జొన్నలు, ఆముదాలు పండే మెట్ట పొలం. మా తాత దున్నితే వెనకాల గింజలు జారవిడుస్తూ పెరిగినవాడు చిన్నమామ. ఆముదాలు అమ్మడానికని పట్నం వచ్చి, ఫౌజులోకి మనుషులను తీసుకుంటున్నారని విని, బండి తాతకు అప్పజెప్పి వరుసలో నిలబడ్డాడట. తాత నెల రోజులు అతనితో మాట్లాడలేదు. ఊళ్ళో ఉత్తరం చదివేవాళ్ళు లేరని మామ ఉత్తరాలన్నీ మా ఇంటికే రాసేవాడు. మా నాయన ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పని చేసేవాడు, చదువు వచ్చు. ఆయన చదివితే అమ్మ ఏడ్చేది, తాత వచ్చినప్పుడు మళ్ళీ చదివితే మళ్ళీ ఏడ్చేది.

మామ సెలవు మీద కాచిగూడలో రైలు దిగి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని నడుచుకుంటూ వస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మేము విసిరిన రాయి ఒకటి ఆ పెట్టెకు తగిలి ధనేలుమంది. మామ పెట్టె వదిలేసి నడిరోడ్డు మీద బోర్లా పడుకున్నాడు! అంత పెద్ద మనిషి, మీసాలవాడు, దుమ్ములో పడుకుని తల మీద చేతులు పెట్టుకున్నాడు. రెండు జట్ల వాళ్ళమూ కడుపు పట్టుకుని నవ్వాం. అతను లేచి, లాగు దులుపుకుని, తానూ నవ్వాడు. కానీ కొంచెం ఆలస్యంగా నవ్వాడు. అది నాకు గుర్తుంది.

"ఏమే కోడలా, గెలుస్తున్నరా?" అన్నాడు.

"మేమే గెలుస్తం మామా. గుడిసెలోళ్ళు దుష్మన్లు."

"గట్లనా. మరి పడ్డోన్ని ఎవరు లేపుతున్నరు?"

మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. లేపడమేమిటి? మామ రెండు జట్లనూ దగ్గరికి పిలిచాడు. గుడిసెల పిల్లలు భయపడుతూ వచ్చారు.

"ఇయ్యాల్టి సంది ఒక షరతు. ఎవరు రాయి కొడితే ఎవరు పడ్డరో, కొట్టినోళ్ళే వాళ్ళను వీపు మీద ఎత్తుకోవాలె. నల్లా కాడికి తీస్కపోయి రగతం కడగాలె. వాళ్ళ ఇంట్ల దించి రావాలె. ఒప్పుకుంటెనే ఆట. ఫౌజుల గిట్లనే ఉంటది."

ఫౌజులో అట్లా ఉండదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నమ్మేశాం. మర్నాడే మా గల్లీలో అందరికన్నా బొద్దుగా ఉండే పిల్లవాడిని గుడిసెల జట్టులో అందరికన్నా బక్కవాడు పడగొట్టాడు. షరతు ప్రకారం ఎత్తుకోబోయాడు. రెండడుగులు వేసి ఇద్దరూ బొక్కబోర్లా పడ్డారు. "అరే భాయ్, ఇట్లయితే నల్లా చేరేసరికి నేనే సస్త. నువ్వే నన్ను ఎత్తుకో!" అని బక్కవాడు మొత్తుకున్నాడు. ఆ సాయంత్రం బొద్దువాడు నడిచే ఇంటికి వెళ్ళాడు, బక్కవాడు వాడి మెడ చుట్టూ చెయ్యి వేసుకుని వెంట వెళ్ళాడు. ఆ ఇంట్లో వాడికి అరిసె పెట్టారట. ఆ తర్వాత మా రాళ్ళు చిన్నవయ్యాయి. విసిరేముందు ఎదుటివాళ్ళు ఎంత బరువున్నారో చూసుకునేవాళ్ళం.

ఆ షరతు ఎక్కడిదో కూడా మామే చెప్పాడు. మా ఇంటి ముందు కూర్చుని జొన్నరొట్టె తింటూ చెప్పాడు. తనకు పన్నెండేళ్ళప్పుడు పశువులను కాస్తూ, తమాషా చూద్దామని తమ ఎర్రెద్దును పక్క పొలం వాళ్ళ ఎద్దు మీదికి ఉసిగొల్పాడట. ఎర్రెద్దు కొమ్ము ఆ ఎద్దు పొట్టలోకి దిగింది. పేగులు బయటికి వచ్చి అది మోకాళ్ళ మీద కూలిందట. మామ భయపడి పారిపోయి జొన్నచేనులో దాక్కున్నాడు. తాత వెతికి పట్టుకుని ఆ ఎద్దు దగ్గరికే తీసుకుపోయాడు. కొట్టలేదు. వాళ్ళ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి ఎద్దు పొడిస్తే వాళ్ళ ఎద్దే, దెబ్బ తిన్నది లేచేదాకా, దాని కాడి కింద నడవాలి. ఆ ఎద్దు లేచే రకం కాదు. తాత ఎర్రెద్దును తోలుకుపోయి పక్కవాళ్ళ నాగలికి కట్టి, మామను మేడి పట్టించాడు. ముందు వాళ్ళ పొలం మొత్తం దున్నిన తర్వాతే తమది దున్నుకున్నారు. అదను దాటిపోయి ఆ ఏడు తమ చేను సగమే పండింది. "దాని పేగులు నా చేతులతోని లోపలికి నెట్టిన కోడలా. ఇంకా వెచ్చగ ఉండె," అన్నాడు మామ. తర్వాత రొట్టె తినలేకపోయాడు.

సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. ఆ చలికాలమే యుద్ధం మొదలైంది. చౌరస్తాలో ఇరానీ హోటల్ రేడియో ముందు రోజూ గుంపులే. మా నాయన ప్రెస్సు నుంచి అటే వెళ్ళి విని వచ్చి చెప్పేవాడు. యుద్ధం ఆగిన నెలకు ఒకరోజు మధ్యాహ్నం ఫౌజు నుంచి ఆలస్యంగా తార్ వచ్చింది. నాయన చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు. అమ్మ అరిచిన అరుపుకు పక్కింటి అక్క చేతిలో గిన్నె జారిపోయింది. అమ్మ గోడకు తల బాదుకుంటుంటే నలుగురు ఆడవాళ్ళు పట్టుకున్నారు. నుదురు చిట్లి ఆమె చీర ముందంతా ఎర్రగా అయింది. నేను మూలకు నిలబడి ఒక్కటే ఆలోచించాను. మామను ఎవరు చంపారు? దుష్మన్లు. దుష్మన్లు ఎక్కడున్నారు?

పిల్లల తలలో ఎన్ని దారులుంటాయి! నాకు తెలిసిన దుష్మన్లు నాలా ఒడ్డునే ఉన్నారు.

మర్నాడు ఒంటరిగా పోయాను. దారిలో పగిలిన షాబాదు బండ ముక్క ఒకటి తీసుకున్నాను, అంచు కత్తిలా ఉంది. నా ఈడుదే ఒక పిల్ల, బక్కది, బిందెతో నీళ్ళు మోస్తోంది. సిమెంటు కలపడానికి నీళ్ళు మోయడం ఆ పిల్ల పని. నన్ను చూసి నవ్వింది. "ఏమే, ఇయ్యాల ఆట లేదా?" అని అడిగింది. ఆ పిల్లది ఆ ఒక్క మాటే. నేను చెయ్యెత్తి బలమంతా పెట్టి కొట్టాను. బిందె పడిన చప్పుడు, పిల్ల పడిన చప్పుడు ఒక్కసారే విన్నాను. చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి, ఒలికిన నీళ్ళలో కలిసి నా కాళ్ళ దాకా వచ్చింది. అరవలేదు, ఒక కుక్కపిల్లలా మూలిగింది. షరతు నాకు గుర్తొచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, నిజంగానే గుర్తొచ్చింది. అయినా వెనక్కి తిరిగి పరుగెత్తాను.

మూడు రోజులు తిండి సహించలేదు. మామ కోసం అనుకుని అందరూ నన్ను దగ్గరికి తీసుకున్నారు. నేను విడిపించుకుని మూలకు పోయేదాన్ని. ఆ పిల్ల చచ్చిపోయి ఉంటుందా? ఎవరూ ఫిర్యాదుకు రాలేదెందుకు? చెబితే ఏమవుతుంది? చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? మూడు రోజులూ ఇవే.

నాలుగోరోజు ఊరి నుంచి మా తాత వచ్చాడు. ఆ పొద్దుటే ఇంకొకతను వచ్చాడు. మామ దళంలోనే సిపాయి, కర్నూలు వైపు మనిషి. మోకాలి కింద ఒక కాలు లేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి పోతూ, కాచిగూడలో బండి మారే వ్యవధిలో మామ సామాను ఇద్దామని చంక కర్రల మీద వచ్చాడు. ఒక కంబళి, క్షవరం కత్తి, మా నాయన రాసిన ఉత్తరాల కట్ట. అంతే సామాను. అమ్మ చాయ్ ఇచ్చింది. తాత గోడకు ఆనుకుని గొంతుకూర్చున్నాడు. తలరుమాలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గుండెకాడ తగిలింది నాయనా. నొప్పి కూడా తెలిసుండదు," అన్నాడు సిపాయి.

తాత అడ్డుకున్నాడు. "బిడ్డా, ఎద్దు సచ్చినా ఎట్ల సచ్చిందని అడుగుతం. నాకు ధైర్యం జెప్పనీకి చూడకు. ఉన్నదున్నట్టు చెప్పు."

అప్పుడు అతను చాయ్ పక్కన పెట్టి చెప్పాడు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను.

గోధుమ మొలకలు అప్పుడే పైకి వస్తున్న పొలాలట. మామ ఆ మొలకలు తొక్కలేక మొదటిరోజు గట్ల మీద నడిచి హవల్దారుతో తిట్లు తిన్నాడట. తెల్లవారుతుండగా చెరకుతోటలోంచి అవతలివాళ్ళు మీదపడ్డారు. తుపాకీ పేల్చే ఎడం లేదు. బాయినెట్లతో, తుపాకీ మడమలతో, దొరికిన రాళ్ళతో కొట్టుకున్నారు. పక్కవాడి దవడ విరిగిన శబ్దం ఇప్పటికీ చెవిలో ఉందన్నాడు సిపాయి. మామ మీదికి ఒక కుర్రవాడు వచ్చాడు. మీసమింకా సరిగా రాలేదట. మామ బాయినెట్టు వాడి పొట్టలోకి దిగింది. వాడు రెండు చేతులతో ఆ ఇనుమును పట్టుకుని మోకాళ్ళ మీద కూలాడు. కాసేపటికి వాళ్ళు వెనక్కి పోయారు, మనవాళ్ళు కందకంలోకి వచ్చారు. ఫిరంగి గుండు పడి సిపాయి కాలు తునకలైంది. మామ వెళ్ళి అతన్ని వీపున వేసుకుని తెచ్చాడు. మళ్ళీ వెళ్ళి ఇంకొకతన్ని తెచ్చాడు. అప్పుడు పొలంలోంచి ఆ కుర్రవాడి అరుపు మొదలైంది. పేగులు పట్టుకుని వాళ్ళమ్మను పిలుస్తున్నాడు. మామ చెవులు మూసుకున్నాడు, తీశాడు, మళ్ళీ మూసుకున్నాడు.

"హవల్దారు వద్దని కాలర్ పట్టుకున్నాడు నాయనా. మీవాడు విదిలించుకున్నాడు. నా దిక్కు చూసి, 'వాడు నేను పొడిచినోడు రా' అన్నాడు. పాక్కుంటా పోయినాడు. ఎత్తుకున్నాడు. నలభై అడుగులు వచ్చుంటాడు, మర తుపాకీ పేలింది. ఎవరిదో తెల్దు. వరసగా నడుముకాడ, మెడకాడ. మెడ సగం పోయింది. అయినా ఇంకో రెండడుగులు వేసినాడు. నేను చూసినా. వాన్ని నెమ్మదిగా కింద దించి, వాని మీద పడినాడు."

మా తాత లేచాడు. సిపాయి చొక్కా పట్టుకుని చెంప మీద కొట్టాడు. ఒక కాలు లేని మనిషి, గోడకు తగిలి పక్కకు ఒరిగాడు. "నిన్ను మోసిండు, సరే! వాన్నెందుకు మోసిండు? వాడు మనకేమైతడు?" అని మళ్ళీ చెయ్యెత్తాడు. నాయన అడ్డుపడ్డాడు. సిపాయి చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. తాత ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగింది. ఏదో గుర్తొచ్చినట్టు కిందికి చూశాడు. తన కాలి చెప్పు తీసి తన మొహం మీదే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. "నేనే! నేనే నేర్పిన! మేడి పట్టిచ్చింది నేనే!" అని ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ. పెదవి పగిలి రక్తం గడ్డంలోకి దిగింది. అమ్మ ఆ చేతికి వేలాడింది. చెప్పు లాక్కున్నాక తాత కూలబడి, ఊపిరి తీసుకుని, సిపాయిని అడిగాడు.

"ఆ పిల్లగాడు బతికిండా?"

"మావాళ్ళు పోయి తెచ్చేసరికి వానికి ఊపిరుంది నాయనా. ఆ తర్వాత సంగతి నాకు తెల్దు."

తాత తల ఊపాడు. తన రుమాలుతో సిపాయి చెంప తుడిచాడు.

అక్కడితో నేను నిలబడలేకపోయాను. చెప్పులు కూడా వేసుకోకుండా నాలా దాకా పరుగెత్తాను. గుడిసెలో ఆ పిల్ల ఒక్కతే గోనెసంచి మీద పడుకుని ఉంది. బతికే ఉంది. ఒక కన్ను మీద పసుపు గుడ్డ కట్టారు, ఆ పక్క మొహమంతా నల్లగా ఉబ్బి, గుడ్డ కింది నుంచి చీము కారుతోంది. నన్ను చూడగానే చేతికందిన ఇటుక ముక్క పట్టుకుంది.

"మళ్ళ కొట్టనీకొచ్చినవా?"

వెనక్కి తిరిగి, వీపు చూపించి గొంతుకూర్చున్నాను. "ఎక్కు. దవాఖానకు పోదం."

ఇటుక ముక్క వచ్చి నా భుజం ఎముక మీద పడింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. నేను కదల్లేదు. ఇంకోటి పడుతుందని పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. వేడివేడి చేతులు రెండు నా మెడ చుట్టూ పడ్డాయి.

లేచాను. చిక్కడపల్లి పెద్దరోడ్డు ఎక్కేలోగా రెండుసార్లు పడ్డాను, మోకాళ్ళు చెక్కుకుపోయాయి. వెనకాల మా తాత వస్తున్నాడు. ఎప్పుడు వచ్చాడో, పిల్ల మొహం చూసి ఏం అర్థం చేసుకున్నాడో నాకు తెలియదు. ఏమీ అడగలేదు. ఒక రిక్షా అతను ఆగి, "ఏంది తాతా, చిన్న పొల్లతోని మోపిస్తున్నవు, కూసోబెట్టు," అన్నాడు. "దానిదే మోత. మోయనీ," అన్నాడు తాత. తర్వాత నాకు బలం వచ్చింది. ఎట్లా వచ్చిందో తెలియదు, పిల్ల తేలికైంది. నారాయణగూడ దవాఖాన దాకా మళ్ళీ పడలేదు. నాలో మామ పూనాడని అనుకున్నాను.

దెబ్బ తగిలిన రోజే తెచ్చి ఉంటే చూపు దక్కేదన్నాడు డాక్టరు. కన్ను మిగిలింది, చూపు మిగల్లేదు. నేను పారిపోయిన ఆ మూడు రోజులు ఆ పిల్ల కన్నును తిన్నాయి. జారిపడ్డానని ఇంట్లో చెప్పిందట. నిజం చెబితే గల్లీవాళ్ళు గుడిసెలు పీకిస్తారని భయం.

తాత ఆ రాత్రే ఇంట్లో అందరి ముందు నాతో నిజం చెప్పించాడు. ఆయనా కొట్టలేదు, ఇంకెవరినీ కొట్టనివ్వలేదు. మర్నాటి నుంచి ఆ పిల్ల బిందె నా నడుము మీదికి వచ్చింది. బిల్డింగుకు నీళ్ళు నేను మోశాను. కట్టు మార్పించడానికి పిల్లను దవాఖానకు మోశాను. యాసంగి పనులు వదులుకుని తాత నెలన్నర మా ఇంట్లోనే ఉండి నాతో నడిచాడు. బడికి పోలేదు, పేరు కొట్టేశారు. మళ్ళీ ఏడు నాకన్నా చిన్నపిల్లల పక్కన కూర్చోవడం నామోషీ అయి మానేశాను. అట్లా నా చదువు నాలుగో తరగతితో ఆగింది. ఇది ఎవరి తప్పూ కాదు, నా మోత.

బిల్డింగు పూర్తయ్యాక వాళ్ళు అడిక్‌మెట్ వైపు ఇంకో పనికి తరలిపోయారు. పోయేరోజు ఆ పిల్ల నాతో ఒక మాట అంది. "ఓ పిచ్చిదానా, మొదటి దినం నువ్వే మోసినవనుకుంటున్నవా? మీ తాత దవాఖాన దాక నా కింద చెయ్యి పెట్టే ఉండె. చెప్పొద్దని సైగ చేసిండు."

ఇంటికి పరుగెత్తి తాతను అడిగాను. రొట్టె తుంచుతూ, తల ఎత్తకుండా అన్నాడు, "వానికి చెయ్యి పెట్టనీకి నేను లేకపోతి బిడ్డా."

ఇప్పుడు ఆ ఖాళీ జాగాలో నాలుగంతస్తుల హాస్టలు ఉంది. నౌకరీ పరీక్షలకు చదివే పిల్లలు ఉంటారు. మా మేడ మీది గదిలో కిరాయికి ఉన్న పిల్లవాడు పోలీసు నౌకరీకని పొద్దున్నే పరుగెడతాడు. మొన్న బండి మీద వస్తూ ఒక ముసలాయనను గుద్ది, భయపడి వచ్చి గదిలో దాక్కున్నాడు. నేను మెట్లెక్కి తలుపు కొట్టాను. చెప్పులు వేసుకొమ్మన్నాను, నేనూ వేసుకున్నాను. వాడు ముందు నడిచాడు, నేను వెనక నడిచాను.

ఆ పిల్ల బరువు నా వీపు మీద ఇంకా ఉంది. అందులో నేను మోసింది ఎంతో, మా తాత మోసింది ఎంతో ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను. ఇటుక తగిలిన భుజం చలికాలం రాగానే సలుపుతుంది. సలిపినప్పుడల్లా ఎవరినైనా నోటితోనో చేతితోనో పడగొట్టి వచ్చేశానా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.